కార్డు మీది పిన్నుకు మొన ఎందుకు?

ప్రశ్న: అక్కా, మాది దేవరకొండ పక్కన పల్లె. టైలరింగ్ చేసే నలుగురం కలిసి పోయిన ఏడాది నుంచి చేతి గ్రీటింగ్ కార్డులు చేస్తున్నం. గద్వాల చీర అంచు ముక్కలు, పోచంపల్లి గుడ్డ ముక్కలు అతికించి, మీద పూసలు ఎక్కించిన ముత్యాల పిన్ను గుచ్చుతం. పెండ్లిళ్లకు, బతుకమ్మకు, దసరాకు బాగనే పోతున్నయి. మొన్న కార్డు కొన్న ఒకామె బిడ్డకు పిన్ను వేలికి దిగింది. ఇంకోటి పోస్టుల పంపితే కవరు చింపుకొని మొన బయటికొచ్చింది. మొనకు నెయిల్ పాలిష్ రెండు పూతలు వేసినం, ఫెవిక్విక్ చుక్క పెట్టి చూసినం, రెండూ నిలుస్తలేవు. పూసలు వదులైతున్నయి. జిగురు చుట్టూ తెల్లగ అయితుంది. వానకాలంల అట్ట మీద ఎర్ర మరక పడ్తుంది. పద్ధతిగ ఎట్ల చెయ్యాలె?

జవాబు: చెల్లె, మీ పని ఆగాల్సిన అవసరం లేదు. పిన్ను మానేయాల్సిన అవసరమూ లేదు. కానీ మొనను ఎలా కప్పాలా అని వెతకడం దగ్గరే దారి తప్పుతున్నారు. పిన్ను మొనకు కార్డులో ఉన్న పని ఒక్కటే, అట్టలోంచి దూరడం. అది ఒక్క క్షణం పని. ఆ తర్వాత కార్డు ఉన్నన్నాళ్లూ ఆ మొన ఎవరి వేలి కోసమో కాచుకొని ఉంటుంది. కాబట్టి తూటు సూదితో పొడవండి. ఆ తూటులోకి మొన లేని పిన్నును దింపండి. ఇకపైన చేసే ప్రతి కార్డుకూ ఇదే పద్ధతి పెట్టుకోండి.

నెయిల్ పాలిష్ ఎందుకు నిలవలేదో ముందు చెప్తాను. ఏ ద్రవమైనా వాడి అంచు మీద నిలవదు, పక్కలకు జారుకుంటుంది. పిన్నును పాలిష్‌లో ముంచి తీసి వెలుతురుకు పట్టి చూడండి. కాడ మీద పూత మందంగా ఉంటుంది, సరిగ్గా మొన దగ్గర ఉన్నదో లేదో అన్నంత పలచన. ఇంకో రెండు పూతలు వేసినా అంతే. ఎండిన పూత వేలితో నొక్కగానే పగులుతుంది, లోపలి మొన బయటపడుతుంది. ఫెవిక్విక్ చుక్క చూడడానికి గుండుగా ఉంటుంది గానీ అది గాజులా పెళుసు. నున్నటి ఉక్కును అంత గట్టిగా పట్టుకోదు. పిన్ను కొంచెం వంగినా, కార్డు కింద పడినా టప్పున ఊడిపోతుంది.

ఇక మీరు వాడుతున్న పిన్ను సంగతి. ఫ్యాన్సీ దుకాణంలో దొరికే ముత్యం తల పిన్ను చీర కుచ్చిళ్లకు, హిజాబుకు చేసింది. గట్టి ఉక్కు, సన్నటి మొన, పైన ప్లాస్టిక్ ముత్యం. బట్టలోకి సులువుగా దిగడమే దాని గొప్ప. కార్డుకు అది అక్కర్లేదు. పూసల సామాను అమ్మేవాళ్ల దగ్గర హెడ్ పిన్ను అని అడగండి. చెవి బుట్టాలు, జుంకాలు అల్లేవాళ్లు వాడేది అదే. ఒక చివర చిన్న మేకు తలలా చదునుగా ఉంటుంది, రెండో చివర మొన లేకుండా నరికి ఉంటుంది. 50 మిల్లీమీటర్ల పొడవు, 0.7 మిల్లీమీటర్ల మందం ఉన్నది తీసుకోండి. నల్లగొండలో దొరక్కపోతే హైదరాబాద్ బేగంబజార్‌లో తూకానికి ఇస్తారు. ఇత్తడిదీ ఉంటుంది, ఇనుముదీ ఉంటుంది. అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అతుక్కుంటే ఇనుము. మీకు వాన కాలంలో మరకలు పడుతున్నాయి కాబట్టి ఇత్తడిదే కొనండి, కొంచెం ధర ఎక్కువైనా సరే.

ఇంట్లో మిగిలి ఉన్న ముత్యం పిన్నులు పారేయకండి. వాటినీ వాడుకోవచ్చు, కాకపోతే పూసలు ఎక్కించక ముందే మొన తీసేయాలి. హెడ్ పిన్నుకైతే వరుస తిరగబడుతుంది. పూసలు ఎక్కించి, జిగురు ఆరాక, తోకను కావాల్సిన పొడవుకు కత్తిరించి నున్నగా రుద్దాలి.

కత్తిరించే దగ్గర నిదానంగా ఉండండి, చెల్లె. కట్టర్ బిగిసిన క్షణాన తెగిన ముక్క ఎటు ఎగురుతుందో మన చేతిలో ఉండదు. బియ్యపు గింజలో సగం ఉండే ఉక్కు మొన కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. అందుకని మొన దగ్గర పిన్నుకు రెండు వైపులా సెల్లో టేపు మడిచి అంటించి, టేపుతో సహా కత్తిరించండి. ముక్క టేపుకే అంటుకొని ఉంటుంది. దాని పైన ఇంకో జాగ్రత్త, చేతులు రెండూ ఒక పారదర్శక పాలిథిన్ సంచిలో పెట్టి, మొన కిందికి ఉండేట్టు పట్టుకొని కోయండి. కళ్లకు అద్దాలు పెట్టుకోండి. ముత్యం పిన్ను ఉక్కు గట్టిది, నగల పనికి వాడే చిన్న కట్టర్‌తో కోస్తే దాని పళ్లకు గంటు పడుతుంది. కరెంటు పని వాళ్ల కటింగ్ ప్లయర్ తీసుకోండి. మొన నుంచి 4 మిల్లీమీటర్లు తీసేస్తే చాలు, సన్నబడే భాగమంతా పోతుంది. ముక్కలను ఒక మూత డబ్బాలో వేసి, నిండాక మూతకు టేపు చుట్టి చెత్తలో వేయండి. మీరు కూర్చున్న చోటును లేచే ముందు అయస్కాంతంతో ఒకసారి తుడవండి. ఇత్తడి ముక్కలు అయస్కాంతానికి రావు, వాటికి తడి గుడ్డ వాడాలి. అదే గదిలో పిల్లలు పాకుతుంటే ఈ ఒక్క పని మరిచిపోకండి.

చాలామంది కత్తిరించడంతోనే పని అయిపోయిందనుకుంటారు. అసలు ప్రమాదం అక్కడే మిగిలిపోతుంది. కట్టర్ పళ్లు తీగను రెండు వైపుల నుంచి నొక్కి తెంపుతాయి, అందుకే తెగిన చివర చదునుగా రాదు. ఉలి అంచులా సన్నగా, పక్కకు ఒక చిన్న ముల్లు లేచి ఉంటుంది. పాత మొన గుచ్చేది, ఈ అంచు చర్మాన్ని కోస్తుంది. దాన్ని ఆకురాయితో తీయాలి. పిన్నును నోస్ ప్లయర్‌తో చివరకు దగ్గరగా, అర అంగుళం వదిలి పట్టుకోండి. దూరంగా పట్టుకుంటే కాడ ఊగుతుంది, రాయి పట్టదు. సన్న పళ్ల చిన్న ఆకురాయిని ఒకే దిక్కుకు తోయండి, ముందుకూ వెనక్కీ రంపంలా లాగొద్దు. నాలుగు తోపులకొకసారి పిన్నును పావు వంతు తిప్పండి. నాలుగు వైపులూ అయ్యాక చివరను అగ్గిపుల్ల తలలా గుండ్రంగా చేస్తూ ఇంకో పది తోపులు. తర్వాత 400 నంబరు ఎమెరీ కాగితాన్ని మడిచి, ఆ మడతలో చివరను పెట్టి వేళ్లతో గిరగిరా తిప్పండి. 600 నంబరుతో ఇంకోసారి. ఒక్కో పిన్నుకు రెండు నిమిషాలు పడుతుంది. ఇరవై పిన్నులు ఒకేసారి కూర్చొని చేసుకుంటే చెయ్యి అలవాటు పడుతుంది.

నున్నగా అయిందో లేదో వేలితో చూడకండి. టైలరింగ్ చేసేవాళ్ల వేళ్లు సూదిపోట్లకు మొద్దుబారి ఉంటాయి, మీకు నున్నగా తోచింది పిల్లల చర్మానికి గరుకే కావచ్చు. మీ దగ్గర షిఫాన్ ముక్కలు ఉండే ఉంటాయి. ఒక ముక్కను గిన్నె మీద బిగించి రబ్బరు బ్యాండు వేయండి. పిన్ను చివరను దాని మీద ఏటవాలుగా ఆనించి, నాలుగు వైపులకూ మెల్లగా లాగండి. పోగు లేచినా, చిన్న టిక్కు శబ్దం వచ్చినా ముల్లు ఇంకా ఉన్నట్టే, మళ్లీ ఎమెరీ కాగితం. నాలుగు వైపులా జారిపోతే పాస్. గిన్నె లేకుంటే దూది ఉండను రుద్దినా తెలుస్తుంది, పోగు పట్టుకొని లాగుతుంది. కొత్తగా పని నేర్చుకునే అమ్మాయికి ఈ పరీక్షే మొదట నేర్పండి.

మీ నెయిల్ పాలిష్‌కు ఇక్కడ పని ఉంది. ఆకురాయి పెట్టినప్పుడు పిన్ను మీది మెరుపు పూత పోతుంది, లోపలి ఇనుము బయటపడుతుంది. తుప్పు ముందు పట్టేది అక్కడే. గుండ్రంగా రుద్దిన చివరకు రంగులేని పాలిష్ పలచగా రెండు పూతలు వేసి, పూతకూ పూతకూ మధ్య 15 నిమిషాలు ఆరనివ్వండి. ఇప్పుడు అది నిలుస్తుంది, ఎందుకంటే గుండ్రటి చివర మీద పూత జారిపోదు. వాడి మొనను కప్పడానికి పనికిరాని పూత తుప్పును ఆపడానికి బాగా పనికొస్తుంది.

మీరడిగిన ఎర్ర మరక తుప్పుదే, మీరు గుడ్డ అతికించడానికి ఫెవికాల్ వాడుతుంటే అది కూడా ఇంకో కారణం అయి ఉండొచ్చు. అది నీళ్ల జిగురు. అట్టలోంచి, బట్టలోంచి ఆ నీరు ఆరిపోతుంది, అందుకే అక్కడ గట్టిగా పట్టుకుంటుంది. లోహానికీ పూసకూ మధ్య పెడితే నీటికి దారి ఉండదు. రోజుల తరబడి తడిగా ఉండి ఇనుమును తింటుంది, ఆ తుప్పు అట్టలోకి పాకుతుంది. జూలై, ఆగస్టులో గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి మరీ ఎక్కువ. ఫెవికాల్ అట్టకూ గుడ్డకూ మాత్రమే వాడండి. గుడ్డను అతికించాక ఒక రాత్రి బరువు కింద ఆరబెట్టి, మరుసటి రోజే పిన్ను పెట్టండి. చేతి చెమట కూడా ఇత్తడిని పచ్చబరుస్తుంది, రుద్దిన పిన్నును గుడ్డతో పట్టుకోవడం అలవాటు చేసుకోండి.

పూసలు వదులవడానికి జిగురు కంటే ముందు కొలత కారణం. పిన్ను 0.7 మిల్లీమీటర్లు, పూస తూటు ఒకటో ఒకటిన్నరో ఉంటుంది. ఆ ఖాళీలో పూస ఆడుతుంది, ఆడిన ప్రతిసారీ జిగురు చిట్లుతుంది. తూటు పెద్దగా ఉన్న పూసకు పైనా కిందా 2 మిల్లీమీటర్ల చిట్టి పూసలు పెట్టండి. అవి తూటు నోట్లో కూర్చొని ఆటను ఆపుతాయి.

జిగురుకు అరల్డైట్ వాడండి. రెండు ట్యూబులది. రెండింటినీ ఒక ప్లాస్టిక్ మూత మీద సమానంగా పిండి, అగ్గిపుల్లతో నిమిషానికి పైగా కలపాలి, తెల్ల చారలు పూర్తిగా పోవాలి. ఒకటి ఎక్కువైతే గట్టిపడకుండా బంకలా మిగిలిపోతుంది. అప్పుడు పైన ఇంకొంచెం పూసి లాభం లేదు, తుడిచేసి మొదటి నుంచి చేయాల్సిందే. ఐదు నిమిషాల్లో బిగిసే రకం కూడా దొరుకుతుంది, కొద్ది పిన్నులకు అది సుఖం. బిగిసినట్టు కనిపించినా ఏ రకానికైనా ఒక రోజు వదిలేయండి, పూర్తి బలం అప్పుడే వస్తుంది. చేతులకు తొడుగులు వేసుకోండి. అరల్డైట్ పదేపదే చర్మానికి తగిలితే కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి, ఒకసారి అలా మొదలైతే తర్వాత కొంచెం తగిలినా వస్తాయి.

జిగురు పెట్టే ముందు అట్టడుగు పూస కూర్చునే చోట పిన్నును ఎమెరీ కాగితంతో 3 మిల్లీమీటర్ల మేర గరుకు చేసి, మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్‌తో తుడవండి. నెయిల్ పాలిష్ రిమూవర్‌తో వద్దు, అది ప్లాస్టిక్ ముత్యాల మెరుపును కరిగిస్తుంది. పూసలను పైకి నెట్టి, గరుకు చేసిన చోట ఆవగింజంత జిగురు పెట్టి, చుట్టూ తిప్పి, పూసలను దాని మీదికి దించి బిగువుగా నొక్కి పట్టండి. బయటికొచ్చిన జిగురును పుల్లతో వెంటనే తీసేయండి. పిన్నులను ఆరబెట్టడానికి థర్మకోల్ ముక్కలో నిలువుగా గుచ్చండి. పడుకోబెడితే జిగురు ఒక పక్కకే చేరుతుంది.

ఫెవిక్విక్ చుట్టూ వచ్చే తెలుపు జిగురు ఆవిరే. ఎక్కువ వేసినప్పుడు, మూసిన గదిలో గాలి ఆడనప్పుడు ఆ ఆవిరి పూసల మీద మంచులా పేరుకుంటుంది. తక్కువ వేసి, కిటికీ దగ్గర కూర్చుంటే చాలావరకు తగ్గుతుంది. కానీ ఈ పనికి దాన్ని మానేయమనే చెప్తాను. ఇంకో మాట, ఫెవిక్విక్ కారితే దూదితోగానీ నూలు గుడ్డతోగానీ తుడవకండి. నూలుతో కలిస్తే అది వేడెక్కి పొగ వస్తుంది, చెయ్యి కాలుతుంది. టైలరింగ్ బల్ల మీద నూలు ముక్కలు ఎప్పుడూ ఉంటాయి కనుక ఇది గట్టిగా గుర్తు పెట్టుకోండి. వేళ్లు అంటుకుంటే గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టి మెల్లగా దొర్లిస్తూ విడదీయండి, లాగొద్దు. గ్లూ గన్ జిగురు గురించి మీరు అడగలేదు గానీ చెప్పడం మంచిది. నల్లగొండ ఎండకు, మేలో ఎండలో నిలిపిన బండి పెట్టెలో అది మెత్తబడి పూసలు జారిపోతాయి.

బతుకమ్మ కార్డుకు ఒక అమరిక చెప్తాను. హెడ్ పిన్ను తల పైన ఉంటుంది కాబట్టి పూసలు కొస నుంచి చిన్నవి ముందు, పెద్దవి తర్వాత ఎక్కుతాయి. మొదట 2 మిల్లీమీటర్ల పసుపు చిట్టి పూస, అది పైన పెట్టే గౌరమ్మ. దాని కింద 3 మిల్లీమీటర్ల తెల్ల పూస గునుగు, 4 మిల్లీమీటర్ల నారింజ పూస బంతి, కట్లపువ్వు కోసం అదే కొలతలో నీలం, అడుగున 6 మిల్లీమీటర్ల పసుపు పూస తంగేడు. చివరకు తాంబాళంలా 6 మిల్లీమీటర్ల వెడల్పు చదును క్యాప్, అంటే పూస అడుగున కూర్చునే లోహపు బిళ్ల. మొత్తం ఎత్తు సుమారు 20 మిల్లీమీటర్లు ఉంటుంది. పిన్ను మొత్తం పొడవు 35 నుంచి 40 మిల్లీమీటర్లకు కోసుకోండి, ఎక్కువ తోక ఉంటే వెనక దాచడం కష్టం. ఇంకా పెద్ద పూసలు పెడితే బతుకమ్మ ముచ్చటగానే ఉంటుంది గానీ కవరులో ఇరుకున పడి పగులుతుంది.

ఇప్పుడు కార్డులోకి దింపడం. పిన్నును నేరుగా కార్డుకు కాకుండా ముందు ఒక చిన్న పలకకు పెట్టండి. 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) అట్ట మీద గుడ్డ అతికించినది. పాత హవాయి చెప్పు మీద పలకను పరిచి, పిన్నుకు సరితూగే మందం ఉన్న సూదితో ముందు వైపు నుంచి ఒక తూటు పొడవండి. వెనక లేచిన అంచును చెంచా వీపుతో నొక్కి సాపు చేయండి. పిన్నును పూసల అడుగున మెల్లగా వంచి, తోకను ఆ తూటులోంచి వెనక్కి పంపండి. 12 నుంచి 15 మిల్లీమీటర్ల తోక పలక వీపుకు ఆనుకొని పడుకోవాలి. హెడ్ పిన్ను అయితే చెప్పినట్టు వంగుతుంది, ముత్యం పిన్ను గట్టి ఉక్కు కనుక విరగొచ్చు. దానికి వంపు వద్దు. 20 మిల్లీమీటర్ల ఎడంతో రెండు తూట్లు పొడిచి, మొదటి దాంట్లోంచి వెనక్కి, రెండో దాంట్లోంచి ముందుకు వచ్చేట్టు ఏటవాలుగా దూర్చండి. అలా చివర ముందుకు కనిపిస్తుంటే దానికి సగం తొలిచిన ముత్యం పెట్టాలి. అంటే ఒక వైపే తూటు ఉండేది. 4 మిల్లీమీటర్లది చాలు, ముత్యాల దుకాణాల్లో అడిగితే ఇస్తారు. జిగురును ముత్యం తూటులో నింపకండి, లోపల చిక్కిన గాలి ముత్యాన్ని బయటికి తోసేస్తుంది. పిన్ను చివరకు పూసి తిప్పుతూ దింపండి. అట్టకు జిగురు అంటకుండా కింద చిన్న పాలిథిన్ ముక్క జొప్పించండి.

తోక వెనక దాగే పద్ధతిలో తోక మీద 20 కి 25 మిల్లీమీటర్ల గుడ్డ ముక్కను ఫెవికాల్‌తో అతికించి, ఒక రాత్రి ఆరనివ్వండి. పిన్ను ఇనుముదైతే ఫెవికాల్ బదులు డబుల్ టేపు వాడండి. తర్వాత పలక వీపుకు 2 మిల్లీమీటర్ల ఫోమ్ టేపును నాలుగు అంచులా ఖాళీ లేకుండా అంటించి కార్డు మీద పెట్టండి. పిన్ను చివర ఇప్పుడు అట్టకూ అట్టకూ మధ్య పెట్టెలో ఉన్నట్టు ఉంటుంది. పిల్లవాడు లాగినా బయటికి రాదు, పూస ఊడినా చివర కనిపించదు. నాకు ఈ పద్ధతే ఇష్టం, మిగతావి దీని తర్వాతే. కార్డు మడత గీతకు రెండు సెంటీమీటర్లు దూరంగా పెట్టండి, దగ్గరైతే తెరిచి మూసిన ప్రతిసారీ తూటు సాగుతుంది.

గద్వాల అంచు ముక్కలకు మొన లేని పిన్నుతో ఇంకో మేలు ఉంది. వాడి మొన జరీ పోగును చీలుస్తుంది, చీలిన పోగు లేచి నిలబడి నాలుగు రోజుల్లో వరుసే పోతుంది. సూదితో పోగుల నడుమ చూసి దారి చేసి, గుండ్రటి చివరను దింపితే అది పోగులను పక్కకు జరుపుకుంటూ పోతుంది. పోచంపల్లి నూలులో తప్పు చోట పొడిచినా గోటితో రుద్దితే తూటు కమ్ముకుంటుంది. పట్టులో ఆ మచ్చ ఉండిపోతుంది. అందుకని పట్టు ముక్కల మీద ముందు సుద్దతో చుక్క పెట్టుకొని ఒకే పోటులో పొడవండి.

కార్డు అందుకున్నవాళ్లు పిన్ను తీసి చీరకు పెట్టుకోవాలని మీ కోరికైతే అది వేరే వస్తువు. అప్పుడు మొన ఉండాల్సిందే. మీరు పిన్ను అమ్ముతున్నట్టు లెక్క, కార్డు దానికి పెట్టె మాత్రమే. అలాంటిదానికి మొన మీద బిగిసే లోహపు క్లచ్ ఉన్న పిన్ను మాత్రమే వాడండి. తలకిందులు చేసి పది సార్లు విదిలించినా క్లచ్ ఊడకూడదు, కార్డు మీద 'లోపల వాడి పిన్ను ఉంది' అని తెలుగులో రాయాలి. ఈ రెండు రకాలనూ ఒకే బుట్టలో కలిపి అమ్మొద్దు.

మూడేళ్ల లోపు పిల్లలకు ఇచ్చే పుట్టినరోజు కార్డుల మీద పిన్నూ పూసా రెండూ వద్దు, ఎంత బాగా చేసినా సరే. ఊడిన పూస గొంతుకు అడ్డం పడగలదు. రిబ్బన్ ముడి వేసి ఇవ్వండి. ఎవరి బిడ్డయినా పిన్ను ముక్క మింగిందని తెలిస్తే అరటిపండు తినిపించడం, వాంతి చేయించడం లాంటివి ఏవీ చేయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వేలికి గుచ్చుకుంటే సబ్బు నీళ్లతో కడిగి, ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోవాలి. శుభ్రమైన చిన్న పోటుకు పదేళ్ల లోపు వేయించుకొని ఉంటే సాధారణంగా చాలు, మట్టి అంటిన గాయమైతే ఐదేళ్లు దాటినా డాక్టరును అడగాలి. ఆ జబ్బు తుప్పుతో రాదు, మట్టిలోని క్రిమితో వస్తుంది. పిన్ను మెరుస్తోంది కదా అని ఊరుకోవద్దు.

పోస్టు సంగతి. సరిగా కప్పని వాడి వస్తువును పంపొద్దని 1898 నాటి తపాలా చట్టం 19వ సెక్షన్‌లోనే ఉండేది. ఆ చట్టం పోయి 2023 నాటి కొత్త చట్టం వచ్చినా, సంచుల్లో చేతులు పెట్టి ఉత్తరాలు వేరు చేసే మనిషి వేలు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. కార్డు కంటే అంగుళం పెద్ద కవరు తీసుకోండి. పిన్ను ఉన్న చోటుకు సరిపడా రంధ్రం కోసిన ఫోమ్ ముక్కను కార్డు మీద పెట్టండి. పూసలు ఆ గుంతలో కూర్చోవాలి, ఫోమ్ వాటి కంటే ఒక మిల్లీమీటరు ఎత్తు ఉండాలి. దాని పైనా, కార్డు వెనకా గట్టి అట్ట ఒక్కొక్కటి. అన్నిటినీ కలిపి కాగితపు పట్టీతో చుడితే లోపల జారవు. స్టాంపు కవరుకు కుడి పైమూల ఉంటుంది, పోస్టాఫీసులో మొహరు గట్టిగా పడేది అక్కడే. అందుకని పిన్ను ఎడమ కిందిమూలకు వచ్చేట్టు కార్డును తిప్పి పెట్టండి. పది కార్డులు ఒకేసారి పంపే ముందు ఒకదాన్ని పరీక్షించండి. నడుము ఎత్తు నుంచి నాలుగు మూలల మీదా పడేయండి, రెండు కిలోల బియ్యం సంచి దాని మీద ఒక రాత్రి ఉంచండి. తెల్లారి కవరు రెండు వైపులా అరచేతితో నిమిరి చూడండి. గరుకు తగిలితే విప్పి, ఎక్కడ జారిందో చూసుకోండి.

చివరగా, ఇప్పటికే అమ్మిన కార్డులు. కొన్నవాళ్ల ఫోన్ నంబర్లు మీ దగ్గర ఉంటే ఈ వారమే చెప్పండి, ఆ పాప వాళ్ల అమ్మకు ముందు. దగ్గరలో ఉన్నవాళ్లు కార్డు తెస్తే మొన కోసి రుద్ది ఇచ్చేయండి, పైసలు తీసుకోకండి. దూరంవాళ్లకు చెవి కమ్మల వెనక పెట్టే రబ్బరు బుష్షులు రెండు కవరులో పంపండి. ఒకటి మొన మీదికి బిగువుగా ఎక్కించి, మొన రబ్బరులోంచి అవతలికి పొడుచుకు రాలేదని చూసుకోమనండి. బుష్షు ఎండకు సాగి కొన్ని నెలలకు వదులవుతుంది, కాబట్టి అది తాత్కాలికమేనని, కార్డును పిల్లలకు అందకుండా పెట్టమని కూడా చెప్పండి.